దుర్గ్ స్టేషన్లో ఏడ్చింది ఎవరు?

ఆ రోజుల్లో నాకు కోపం ఎంత తేలిగ్గా వచ్చేదో ఇప్పుడు తలుచుకుంటే నాకే నమ్మబుద్ధి కాదు. డిప్లొమా పూర్తిచేసి, భిలాయి పక్కన హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో కొత్తగా ఉద్యోగంలో చేరాను. అక్కడ తయారయ్యే బోల్టుల్ని కొలిచి, సరిగ్గా ఉన్నవాటిని ఒక డబ్బాలోనూ, లేనివాటిని ఇంకో డబ్బాలోనూ పడెయ్యడం నా పని. సరిగ్గా లేని బోల్టు మీద కూడా నాకు కోపం వచ్చేది (దాన్ని అవసరమైనదానికన్నా గట్టిగానే విసిరేదాన్ని). ఇంకొంచెం సర్దుకోమనే షేర్ ఆటోవాడి మీద కోపం, లంచ్ డబ్బాలో మూడోరోజు కూడా బెండకాయ పెట్టిన అమ్మ మీద కోపం. అయితే ఇవన్నీ సాయంత్రం టీ తాగేసరికి చల్లారిపోయే రకం. చల్లారని కోపం నాకు ఒక్కటే వచ్చింది. అది ఒక మనిషి మీద కాదు, ఒక హాలు మీద. కుర్చీలతో సహా.

దానికి మూలం మా అత్త. నాన్నకు అక్క. చీపురుపల్లి దగ్గర ఒక పల్లెలో ఉండేది, బుర్రకథ చెప్పేది. తంబూర భుజాన వేసుకుని, వేళ్ళకు అందెలు తొడుక్కుని, ఒక్క అడుగు ముందుకేసి అందుకుందంటే మైకు అక్కర్లేని గొంతు. ఆ చుట్టుపక్కల తీర్థాల్లో, అంటే జాతరల్లో, ఆమె కథ ఉందంటే జనం పొద్దువాలకముందే చాపలు పరిచి చోటు పట్టుకునేవారట. అలాంటి మనిషి ఒక ఏడాది ఉగాదికి భిలాయి వస్తానని, మా తెలుగువాళ్ళ వేడుకల్లో కథ చెబుతానని తనంతట తానే కబురు పెట్టింది. అది ఊళ్ళమ్మట చెప్పే పాత కథ కాదు. వాళ్ళమ్మ కథ, అంటే మా నాన్నమ్మ కథ. తాతయ్యకు ఇక్కడి ఉక్కు ప్లాంటులో ఖలాసీ ఉద్యోగం దొరికిన కొత్తలో నాన్నమ్మ మగదిక్కు లేకుండా రైలెక్కి, చంకలో పసిపిల్లతో దుర్గ్ స్టేషన్లో దిగిన కథ. ఆ చంకలో పిల్ల మా అత్తే. ఇక్కడి ఎండలకు పిల్ల తట్టుకోవడం లేదని, ఇంకా మాటలైనా రాకముందే ఆమెను ఊళ్ళో అమ్మమ్మ దగ్గరికి పంపేశారు. ఆ తరవాత పుట్టిన నాన్నా చిన్నాన్నా ఇక్కడే పెరిగి హిందీలో కలలు కంటూ ఉంటే, అత్త అక్కడే పెరిగింది, అక్కడే పెళ్ళి చేసుకుంది. కన్నతల్లిని సెలవులకు వచ్చిపోయే చుట్టాన్ని చూసినట్టు చూసింది. నాన్నమ్మ పోయాక ఈ కథ కట్టుకుంది. కట్టుకుందేగాని ఎక్కడా చెప్పలేదు. “మాయమ్మ బతికిన ఊర్లోనే ముందు సెప్పాల” అని పంతం.

బుర్రకథకు కథ చెప్పే మనిషి మధ్యలో, డక్కీలు వాయిస్తూ వంతపాడే ఇద్దరు చెరోపక్కా ఉండాలి. ఒక వంత హాస్యం చెప్పాలి, రెండో వంత లోకం తీరు చెప్పాలి. అత్త దగ్గర ఎప్పుడూ ఉండే వంతలిద్దరూ అంత దూరం రాలేమన్నారు. లోకం తీరు చెప్పడానికి చిన్నాన్నని తీసుకుంది. (మా చిన్నాన్నను అందరూ అర్జీ చిన్నాన్న అంటారు. క్వార్టర్ కారినా, నీళ్ళు రాకపోయినా, వీధిలో లైటు పోయినా మొదటి అర్జీ ఆయనదే.) హాస్యానికి నేను. నన్నెవరూ అడగలేదు. “ఈ గుంట మొకం సూస్తేనే నవ్వొస్తాది, ఇంకేటి కావాల?” అని అత్త తేల్చేసింది. స్మృతి నగర్‌లో మా మేడమీద డ్యూటీకి ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి సాధన. నా తెలుగు విని అత్త తల పట్టుకునేది. “ఏటే ఆ పలకడం? నోట్లో రసగుల్లా పెట్టుకున్నట్టు!” అనేది. నేను పట్టుదలగా నేర్చుకున్నాను. చేతులు వాచేదాకా డక్కీ కొట్టాను. కోపం తేలిగ్గా వచ్చేవాళ్ళకు పట్టుదల కూడా తేలిగ్గానే వస్తుంది కాబోలు.

హాస్యం మాత్రం నా సొంతం. నాన్నమ్మ కొత్తగా వచ్చిన రోజుల్లో వీధిలో కూరలబండివాడు “ఆలూ లే లో, ఆలూ!” అని అరుస్తుంటే, ఆమె తలుపు చాటునుంచి చూసి, “ఓలమ్మో, ఇదేటి ఊరు? ఆలిని బండిమీద పెట్టి అమ్మీస్తన్నాడు!” అందని నేను కల్పించాను. ఈ ముక్కకు హాలు పైకప్పు ఎగిరిపోతుందని నా నమ్మకం. వర్క్‌షాపులో బోల్టులు కొలుస్తూ తలుచుకుని నాలో నేనే నవ్వుకునేదాన్ని. మా ఫోర్‌మన్ రెండుమూడుసార్లు “తబియత్ ఠీక్ హై నా, బేటీ?” అని నా ఒంట్లో ఎలా ఉందో అడిగాడు కూడా.

ఉగాది సాయంత్రం హాలు నిండింది. మా ముందు చిన్నపిల్లల డాన్సులు. తల్లిదండ్రులందరూ ముందుకొచ్చి ఫోన్లు ఎత్తిపట్టి, ఎవరి పిల్లని వాళ్ళు వీడియో తీసుకుని, వాళ్ళ పిల్ల దిగగానే వెనక్కి తిరిగి కబుర్లలో పడ్డారు. వెనక వరండాలో సాంబారు పోపు పెడుతున్నారు. అత్త తంబూర మీటి మొదలుపెట్టింది. మొదటి వరసలో ఒకాయన ఫోను మోగింది. ఆయన తీశాడు. తీసి, చెయ్యి అడ్డం పెట్టుకుని (చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఎవరికీ వినపడదని ఆయన ఉద్దేశం), “హాఁ బోలియే... అరే, అభీ తో షురూ హువా హై... ఖానా బాద్ మే దేంగే” అన్నాడు, తిండి తరవాత పెడతారని. నాకు చెవులు వేడెక్కాయి. తరవాత నా వంతు వచ్చింది. ‘ఆలూ’ ముక్క వేశాను. డక్కీ మీద ఒక దరువేసి నవ్వుకోసం ఆగాను కూడా. ఎవరూ నవ్వలేదు. ఒక్క దగ్గు వినిపించింది. అప్పుడు తట్టింది నాకు: పిల్లలకు ఆలూ తెలుసుగాని ఆలి తెలీదు, పెద్దలకు రెండూ తెలుసు, కానీ ఆ జోకు వాళ్ళు ఈ ఊరొచ్చిన మొదటివారంలోనే ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని అరగదీసేశారు. చిన్నాన్న నా వైపు జాలిగా చూసి, మధ్యలో దూరి, క్వార్టర్ల పైకప్పులు కారడం గురించి రెండు ముక్కలు అందించాడు. దానికి చప్పట్లు పడ్డాయి. నా చప్పట్లు.

ఇంతలో అత్త దుర్గ్ స్టేషన్ ఘట్టానికి వచ్చింది. తాతయ్య డ్యూటీ వదిలి రాలేకపోయాడు. భాష తెలియని ఊళ్ళో, రేకుపెట్టె మీద కూర్చుని, పిల్లని ఒళ్ళో వేసుకుని నాన్నమ్మ పొద్దంతా ఎదురుచూసింది. హాలు కొంచెం సద్దుమణిగింది. అత్త గొంతు దించి, “ఆకలి సాలా వేసినాదమ్మా... మాయమ్మ సాలా ఏడిసినాదమ్మా...” అని రాగం తీసింది. చిన్నాన్నా నేనూ “తందాన తాన” అన్నాం.

కుర్రకారు కూర్చున్న వరసల్లో కిసుక్కుమన్నారు.

మావైపువాళ్ళ నోట్లో ‘చాలా’ ‘సాలా’ అవుతుంది. హిందీలో సాలా అంటే బావమరిది. వీధిలో మాత్రం తిట్టు. ఇక్కడ పుట్టిన పిల్లలకు, తన తల్లి ఆకలితో ఏడ్చిందని ఒక పెద్దావిడ కన్నీళ్ళతో చెబుతూ మధ్యమధ్య ఆకలినీ అమ్మనీ తిడుతున్నట్టు వినపడింది. “సాలా దూరం నడిసినాదమ్మా...” కిలకిల. “సాలా ఎండ కాసినాదమ్మా...” ఈసారి ఇంకో రెండు వరసలు కలిశాయి. ఒక కుర్రాడు పక్కవాడి వీపు మీద చరిచాడు. అత్త ముఖం ఎర్రబడటం నాకు పక్కనుంచి కనిపించింది. ఆమెకు కారణం తెలీదు. వాళ్ళమ్మ ఏడుపుకి వీళ్ళు నవ్వుతున్నారని మాత్రం తెలిసింది. అయినా ఆపలేదు, గొంతు పెంచింది. అందరికన్నా కోపం ఎక్కువ వచ్చింది నాకు. కారణం గొప్పదని చెప్పలేను. అత్తకు అవమానం జరుగుతోందని సగం కోపమైతే, నవ్వించాల్సినదాన్ని నేనుండగా ఏడిపించాల్సిన మనిషికి ఇంత నవ్వు వచ్చిందని మిగతా సగం.

డక్కీ కింద పెట్టేశాను. మైకు దగ్గరికెళ్ళి, నాకు బాగా వచ్చిన భాషలో అరిచాను. “అరే, హఁస్నా హీ థా తో మేరే జోక్ పే హఁస్తే! తబ్ సబ్‌కే ముఁహ్ మే దహీ జమా థా క్యా?” నవ్వదలుచుకుంటే నా జోకుకి నవ్వాలిగాని అప్పుడు నోట్లో పెరుగు తోడుపెట్టుకు కూర్చున్నారా, అని. తరవాత హాలు హాలంతా నవ్వింది. కుర్చీలు కదిలాయి. ఈలలు వేశారు. ఆ సాయంత్రం నాకొచ్చిన ఒకే ఒక్క నవ్వు అది. దాన్ని కూడా నేను ఆనందించలేకపోయాను, నిజంగా తిడుతున్నాను గనక. ఫోనాయన కూడా ఫోను పక్కన పెట్టి చూడటం మొదలుపెట్టాడు. “ఇది కథలో ఉందా, కాదా?” అని ఎవరో అడగడం వినపడింది.

అత్త నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది. “ఒలే, కథ మజ్జిన హిందీలో ఏటి కూస్తన్నావు?”

“వాళ్ళు నవ్వుతున్నది నిన్ను చూసి కాదత్తా. నువ్వు సాలా సాలా అంటన్నావు. హిందీలో అది తిట్టు.”

“ఏటని తిట్టు?”

“సాలా అంటే బావమరిది.”

మైకు ముందు నిలబడి ఉన్నామని ఇద్దరికీ గుర్తులేదు. అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “బామ్మర్దా? బామ్మర్దంటే తిట్టేటే? మీ నాన్న మా ఆయనకి ఏటవుతాడు? బామ్మర్దే కదా! అడుగో, ముందు వరసలో కూకున్నాడు. మీ నాన్న తిట్టేటి?” హాలంతా మా నాన్న వైపు తిరిగింది. నాన్న జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు. ఆ నవ్వు తగ్గడానికి ఎంత సేపు పట్టిందో చెప్పలేను. అత్త మాత్రం నవ్వలేదు. హాలు వైపు తిరిగి, “మాయమ్మ ఈ ఊర్లో రాళ్ళెత్తి, మట్టి మోసి, మిమ్మల్ని మీ అమ్మలు కనకముందే ఇక్కడ పొయ్యి ఎలిగించింది. ఆయమ్మ ఏడిస్తే మీకు నవ్వులాటైపోనాదా? మీలాటోల్లకి నాను సెప్పను” అని, తంబూర నాకిచ్చి, తెర వెనక్కి వెళ్ళిపోయింది.

అప్పుడు మా తెలుగు సంఘం కార్యదర్శిగారు స్టేజి ఎక్కారు. ఆయన పేరు ఇప్పటికీ నాకు నోరారా పలకబుద్ధి కాదు. మైకు సవరించుకుని, చిరునవ్వుతో, “అనివార్య కారణాలవల్ల కథ ఇంతటితో ముగిసింది. భోజనాలు సిద్ధంగా ఉన్నాయి. దయచేసి అందరూ లైను పాటించండి” అన్నారు. జనం లేచారు. ఆ అనివార్య కారణమైన నేను అక్కడే తంబూర పట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో, నిలబడి ఉన్నాను. వెళ్ళిపోతున్నవాళ్ళ వీపుల మీదకు ఆ తంబూర విసరాలన్నంత కోపం వచ్చింది. (అది అత్తది గనక విసరలేదు.)

అందరూ లేచినా ఒకావిడ లేవలేదు. భిలాయిలోనే రుఆబాంధాలో కొడుకు దగ్గరుండే అప్పడాల మామ్మ. మా తెలుగువాళ్ళలో ఏ ఇంట పెళ్ళయినా అప్పడాలు ఆమె చేతిమీదుగా రావాల్సిందే. కొడుకు రెక్కపట్టి లేపబోతే చెయ్యి విదిల్చుకుంది. “నానెక్కడికీ రాను. ఆ మనిసిని బయటికి రమ్మను” అంది. ఎంత గట్టిగా అందంటే, భోజనాల లైనులో ముందున్నవాళ్ళు కూడా వెనక్కి తిరిగారు. “ఏటనుకుంటన్నాది అది? కథ మజ్జిలో ఇడిసీసి ఎల్లిపోతాదా? పైగా అబద్ధాలు సెప్పీసి!”

అబద్ధాలన్న మాటకు తెర కదిలింది. అత్త బయటికొచ్చింది. “ఎవులు అబద్ధాలు సెప్పినారు?”

“నువ్వే. మీయమ్మ దుర్గ్ టేసన్ల ఏడిసినాదని ఎవులు సెప్పినారు నీకు?”

“సెప్పేదేటి? బాస రాని ఊర్లో, సంటిపిల్లతో, మొగుడు రాకపోతే ఏడవదేటి?”

“ఏడవలేదు!” మామ్మ కర్ర నేలమీద కొట్టింది. “మీయమ్మా నానూ ఒకే రైలు దిగినాము. నా పెనిమిటీ రాలేదు. ఏడిసినది నాను. ఎక్కిళ్ళు పెట్టి ఏడిసినాను. మీయమ్మ తిట్టింది. మొగుణ్ణి తిట్టింది, రైలోణ్ణి తిట్టింది, టేసన్‌మాస్టర్ని కిటికీకాడ నిలబెట్టి తెలుగుల తిట్టింది. ఆడికి ఒక్క ముక్క అర్థమవకపోయినా మా ఇద్దరికీ టీ తెప్పించి ఇచ్చినాడు. ఆ తిట్లు వింటా నాను ఏడుపాపినాను. నా ఏడుపు తీసుకెల్లి మీయమ్మకి అంటగట్టీసి, నన్ను కథలోంచి తీసీసినావు. ఇదేటి నాయం?”

ఎవరూ నవ్వలేదు. అత్త స్టేజి అంచున నిలబడి, “మాయమ్మ ఒక్కపాలైనా ఏడవలేదా?” అంది. అది కథ చెప్పే గొంతు కాదు.

మామ్మకు కోపం తగ్గలేదు. ఆ కోపంతోనే అంది. “ఎందుకేడవలేదు? ఏడిసినాది. నిన్ను ఊరు పంపించీసిన్నాడు ఏడిసినాది. నిన్ను మీ మేనమావ సేతుల్లో పెట్టి రైలెక్కించి, ఇంటికొచ్చి, తలుపులేసుకుని ఏడిసినాది. పిలిస్తే నాకు కూడా తలుపు తీయలేదు. ఏడుపు సెప్పాలని ఉంటే అది సెప్పు. టేసన్లది నాది.”

కార్యదర్శిగారు గడియారం చూపిస్తూ ఏదో సైగ చేశారు. చిన్నాన్న ఆయన దగ్గరికెళ్ళి చెవిలో ఏం చెప్పాడో తెలీదు, ఆయన తిరిగి కూర్చున్నారు. అత్త నా చేతిలో తంబూర తీసుకుంది. “మామ్మా, నువ్విలా రా. ఎక్కడ తప్పితే అక్కడ సెప్పు” అంది. కొడుకూ మనవడూ పట్టుకుని మామ్మను స్టేజి మీదకెక్కించి కుర్చీ వేశారు. భోజనాల లైనులోంచి జనం పళ్ళాలు పట్టుకునే వచ్చి కూర్చున్నారు. ఖాళీ పళ్ళాలు.

కథ మళ్ళీ స్టేషన్ నుంచి మొదలైంది. ఈసారి నాన్నమ్మ తిట్టింది. అత్త నోట్లోంచి ఆ తిట్లు వస్తుంటే పిల్లలు పడిపడి నవ్వారు. అర్థమయ్యి కాదు, స్టేషన్‌మాస్టరులా వాళ్ళకూ అర్థం అక్కర్లేకపోయింది. అత్త ఒకచోట కావాలనే మా నాన్న వైపు చూసి, “సాలా... దూరం నడిసినాదమ్మా” అని విరిచి, నవ్వు మొత్తం అయ్యేదాకా అందెలు కదపకుండా ఆగి, అప్పుడు అందుకుంది. అప్పటికామె హాలును పూర్తిగా తన చేతిలోకి తీసుకుంది. మామ్మ మాత్రం వదల్లేదు. “పెట్టె నల్లది కాదు, పచ్చది,” “టీ కాదు ముందు, నీల్లు,” అని అడుగడుక్కీ అడ్డం పడింది. ఆఖర్న తలుపు వేసుకున్న ఘట్టం వచ్చింది. అది అత్త అంతకుముందు కట్టని ఘట్టం. పాట లేదు. తంబూర ఆపి, మామూలు మాటల్లో చెప్పింది, నాలుగు మాటల్లో. మేం వంతపాడటం మరిచిపోయాం. ముందు వరసలో ఒకమ్మాయి పక్కనున్న తల్లిని, “ఉస్‌నే క్యా బోలా?” అని, ఆవిడ ఏమందో చెప్పమని అడిగింది. తల్లి చెప్పలేక తల అడ్డంగా ఊపి, పిల్లని దగ్గరికి లాక్కుంది.

సాంబారు చల్లారిపోయిందని కార్యదర్శిగారు మాతో చాన్నాళ్ళు మాట్లాడలేదు. మామ్మకూ అత్తకూ కూడా ఏమీ సర్దుబాటు కాలేదు. మర్నాడు అత్త రుఆబాంధా వెళ్ళి, వాళ్ళింట్లో కూర్చుని, మళ్ళీ పెట్టె రంగు గురించి దెబ్బలాడి, సంచీనిండా అప్పడాలతో తిరిగొచ్చింది. నా కోపం కూడా తగ్గలేదు. అంత జరిగాక ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నా ‘ఆలూ’ జోకు గురించి మాట్లాడలేదు. కలిసినవాళ్ళందరూ “దీదీ, వో దహీవాలా సీన్ మస్త్ థా” అని ఆ పెరుగు ముక్కనే మెచ్చుకునేవారు.

ఆ ఏడు వానలు పడ్డాక అత్త ఫోను చేసింది. వాళ్ళవైపు ఒక పెద్ద తీర్థంలో వాళ్ళమ్మ కథ చెప్పానంది.

“ఎలా జరిగిందత్తా?”

“బాగానే జరిగినాది. అందరూ బుద్దిగా కూకున్నారు. సెప్పట్లు కొట్టినారు. సాలువా కప్పినారు.” ఆ తరవాత తనే అంది. “ఒక్కలూ నవ్వలేదే. ఒక్కలూ లేచి అలాక్కాదని దెబ్బలాడలేదు. ఎవులికి సెప్తన్నానో తెలీలేదు నాకు. మీవోల్లే నయం, ఎదవలు!”

అత్త ఇప్పుడు కథలు చెప్పడం మానేసింది. మోకాళ్ళు సహకరించడం లేదు. నేను హథ్‌ఖోజ్ వదిలి వేరే ఉద్యోగంలోకి మారి, పెళ్ళి చేసుకుని, మర్యాదస్తురాలినయ్యాను. ఆటోవాడు సర్దుకోమంటే సర్దుకుంటాను. ఏ కార్యక్రమానికి వెళ్ళినా, వెనకవాళ్ళు మాట్లాడుతుంటే తిరిగి, నవ్వుతూ, “కొంచెం...” అని వేలితో సైగ చేస్తాను. ఒక్కోసారి ఆ గజ్జెల పిల్ల గుర్తొస్తుంది. ఒక హాలెడు జనం తనని పట్టించుకోలేదని మైకు లాక్కుని గొంతు చించుకున్న ఆ పిల్లని చూస్తే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా వేస్తుంది. తను తిట్టింది అంతమంది కూర్చుని విన్నారు. ఆ తరవాత నేనెంత కోపంగా మాట్లాడినా వినేది మా ఆయన ఒక్కరే. ఆయన కూడా ‘ఊఁ’ కొడుతూ కొడుతూ నిద్రపోతారు.